నాలుక గురించిన వాక్యం రోగి నోరు మూయడానికి రాసింది కాదు

బెంగళూరు, కోలారు, బళ్ళారి, హోసూరు వైపు తరతరాలుగా ఉంటున్న మన తెలుగు విశ్వాసుల కుటుంబాల కోసం ఈ పోస్టు రాస్తున్నాం. కాస్త పెద్దదే. కోపం వచ్చినా సరే, చివరిదాకా చదవండి.

మన సంఘాల్లో ఒక వాక్యం అందరికీ నోటికి వచ్చు. సామెతలు 18వ అధ్యాయం, 21వ వచనం. బ్రతుకూ చావూ నాలుక చేతిలో ఉన్నాయని చెప్పే వచనం అది. గోడమీది క్యాలెండర్లో ఉంటుంది, వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది, ఉపవాస ప్రార్థనలో ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు. ఆ మాట నిజమని మేమూ నమ్ముతున్నాం. మా పేచీ వాక్యంతో లేదు. దాన్ని ఎవరి మీద ప్రయోగిస్తున్నారన్న దగ్గరే మా పేచీ.

ఎలా వాడుతున్నారో మీకు తెలియనిది కాదు. ఒక అక్క, "మూడు నెలలుగా నిద్ర లేదు, ఏ పని మీదా మనసు పోవడం లేదు" అంటుంది. వెంటనే ఎవరో, "అలా నోటితో అనకక్కా, అంటే అదే జరుగుతుంది" అంటారు. ఒక తమ్ముడు షుగర్ వచ్చిందంటాడు. "వచ్చిందని ఒప్పుకోవద్దు, స్వస్థత పొందానని ఒప్పుకో" అంటారు. కాన్పైన రెండో వారంలో ఎందుకో తెలియకుండా ఏడుస్తున్న బాలింతను, "ఏడుపు మాటలు బిడ్డకు తగులుతాయి" అని బెదిరిస్తారు. ఇంత చెప్పినా రోగం తగ్గకపోతే ఆఖరి తీర్పు సిద్ధంగా ఉంటుంది: "ఎక్కడో అవిశ్వాసపు మాట పలికి ఉంటావు."

ఏం జరిగిందో చూడండి. మాట్లాడేవాళ్ళను జాగ్రత్తగా ఉండమని చెప్పిన వాక్యాన్ని తీసుకెళ్ళి బాధపడేవాళ్ళ నోటికి తాళం వేశారు. రోగం ఒక బరువైతే, "నీ నోటితోనే తెచ్చుకున్నావు" అన్న నింద దాని మీద ఇంకో బరువు. పుండు మీద కారం చల్లి, అదే మందు అంటున్నారు. ఇది ఆపాలని అడగడానికే ఈ పోస్టు.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. మాట ఒంటికి తగులుతుంది. అది ఉత్త భక్తి మాట అనుకోవద్దు. ఎవరైనా నలుగురిలో అవమానిస్తే గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమట పడతాయి, కడుపులో మెలిపెట్టినట్టవుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు చేసే పని అది. ఒక్కసారైతే కాసేపటికి సర్దుకుంటుంది. రోజూ అదే ఇంట్లో అదే నోటి నుంచి అవే మాటలు వినేవాళ్ళకు సర్దుకునే సమయం ఉండదు. నిద్ర చెడుతుంది, బీపీ పెరుగుతుంది, ఆకలి తప్పుతుంది.

2005లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 42 జంటల మీద చేసిన పరిశోధన ఒకటి ప్రచురించారు. భార్యాభర్తల చేతుల మీద చిన్న బొబ్బల్లాంటి గాయాలు చేసి, ఒకసారి ఒకరికొకరు ఆసరాగా మాట్లాడుకోమన్నారు, ఇంకోసారి గొడవపడే విషయం మాట్లాడుకోమన్నారు. గొడవ విషయం మాట్లాడుకున్నప్పుడు గాయాలు నెమ్మదిగా మానాయి. ఎక్కువ ద్వేషంగా మాట్లాడుకునే జంటల గాయాలైతే, మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు 60 శాతం వేగంతోనే మానాయి. మాట పోయి చర్మానికి తగిలిందన్నమాట. 2006లో హార్వర్డ్‌కు చెందిన పరిశోధకులు ఇంకొకటి రాశారు. చిన్నప్పుడు తల్లిదండ్రుల తిట్లు బాగా తిన్నవాళ్ళలో కనిపించిన దిగులు, ఆందోళన, ఇంట్లో కొట్లాటలు కళ్ళారా చూస్తూ పెరిగినవాళ్ళలో కనిపించినంతగా ఉన్నాయట.

ఈ రెండింటిలోనూ ఒకటి గమనించండి. దెబ్బ తగిలింది విన్నవాళ్ళకు. పుట్టింది అన్నవాళ్ళ నోట్లో. తన బాధ తాను చెప్పుకున్నందుకు ఎవరికీ షుగర్ రాలేదు. పిల్లాడిని, "నీ బతుకింతే, నువ్వు పుట్టకపోయినా బాగుండేది" అన్నందుకు మాత్రం ఆ పిల్లాడి నిద్ర చెడుతుంది. నాలుక వాక్యం ఎవరి ఇంటి గోడకు తగిలించుకోవాలో ఇక మీరే చెప్పండి.

ఇప్పుడు లేఖనానికి వద్దాం. మొదటి సమూయేలు మొదటి అధ్యాయంలో హన్నా సంగతి అందరికీ తెలుసు. పిల్లలు లేరని సవతి సూటిపోటి మాటలు అంటూ ఉండేది. హన్నా ఏడ్చేది, అన్నం తినేది కాదు. మాట ఆకలిని చంపిందని అక్కడే రాసి ఉంది. ఆమె మందిరానికి వెళ్ళి పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థిస్తుంటే, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు, ఆ మాట అనేశాడు కూడా. మందిరంలో, యాజకుడి నోటి నుంచి, బాధలో ఉన్న స్త్రీకి దొరికిన మొదటి పలకరింపు అది. హన్నా ఊరుకోలేదు. నేను తాగి లేను, మనోదుఃఖంలో ఉన్నాను అని చెప్పింది. అప్పుడు ఏలీ మాట మార్చుకుని, సమాధానంతో వెళ్ళమని దీవించాడు. ఆ తర్వాత ఏమైంది? ఆమె భోజనం చేసింది, ఆమె ముఖంలో దుఃఖం పోయింది. సమూయేలు అప్పటికి కడుపున పడలేదు, ప్రార్థనకు జవాబు ఇంకా రాలేదు. యాజకుడు మాట మార్చుకున్నందుకే ఆమెకు ఆకలి తిరిగొచ్చింది.

ఇందులో హన్నా చేసిన పని కూడా చూడండి. ఆమె తన దుఃఖానికి పేరు పెట్టి చెప్పింది. "నేను బాగానే ఉన్నాను, దేవునికి స్తోత్రం" అని ముసుగు వేయలేదు. అలా వేసుంటే ఏలీకి తన మాట దిద్దుకునే అవకాశమే ఉండేది కాదు.

రోగం పేరు పలకొద్దు అనే బోధ లేఖనంలో ఎక్కడుందో చూపించమని అడుగుతున్నాం. మార్కు 10లో గుడ్డివాడైన బర్తిమయిని, నీకేం చేయాలని ప్రభువే అడిగాడు. చూపు కావాలన్నాడు. చూపు లేదని ఒప్పుకున్నట్టే కదా? అవిశ్వాసం అన్నాడా ప్రభువు? మార్కు 9లో బిడ్డ కోసం వచ్చిన తండ్రి అయితే ఇంకా ముందుకు పోయాడు. నమ్ముతున్నాను గానీ నా అపనమ్మకానికి కూడా సాయం చేయమన్నాడు. విశ్వాసం చాలడం లేదని నోరు తెరిచి చెప్పిన మనిషి అతను. అతని కొడుకు బాగుపడ్డాడు. గెత్సేమనే తోటలో ప్రభువే తన ప్రాణం చావుకు దగ్గరయ్యేంత దుఃఖంలో ఉందని ముగ్గురు శిష్యులతో చెప్పుకున్నాడు. మత్తయి 26లో ఉంది. దుఃఖాన్ని నోటితో చెప్పడం అవిశ్వాసమైతే ఆ అధ్యాయాన్ని ఏం చేస్తాం?

ఏలీయా సంగతి చూడండి. మొదటి రాజులు 19. కర్మెలు కొండ మీద అంత గొప్ప కార్యం చూసిన ప్రవక్త, బదరీ చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగాడు. ఈ రోజు మన మధ్య ఒకరు అలా అంటే ఏమంటాం? "ప్రవక్తవై ఉండి ఇదేం మాట?" అంటాం. దేవదూత అలా అనలేదు. నిద్రపోనిచ్చాడు. తట్టి లేపి, లేచి తినమన్నాడు. కాల్చిన రొట్టె, నీళ్ళు తల దగ్గర ఉన్నాయి. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి తినమన్నాడు, ప్రయాణం చాలా దూరమని చెప్పాడు. బోధ తర్వాత వచ్చింది. ముందు వచ్చినవి తిండీ నిద్రా.

యోబు స్నేహితులను కూడా మరిచిపోవద్దు. ఏడు పగళ్ళు ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా చెడగొట్టారు. నువ్వేదో పాపం చేసి ఉంటావని వాదించారు. చివరి అధ్యాయంలో దేవుడు ఎవరి మీద కోపపడ్డాడు? ఏడ్చి, ఫిర్యాదు చేసి, పుట్టిన దినాన్ని శపించుకున్న యోబు మీద కాదు. సిద్ధాంతం చెప్పిన స్నేహితుల మీద. వాళ్ళకోసం యోబే ప్రార్థన చేయాల్సి వచ్చింది.

ఇక అన్నిటికంటే ప్రమాదమైన మాట ఒకటుంది: "మాత్రలు మానెయ్, అదే విశ్వాసం." ఈ మాట అనే హక్కు ఎవరికీ లేదు, అయ్యగారికైనా, అమ్మగారికైనా, ప్రార్థన గుంపు పెద్దకైనా. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ఐసీయూ పాలవుతారు. దిగులుకు వాడే మందులు కూడా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాల్సిందే తప్ప ఒకేసారి పారేయకూడదు. ఇంకో సంగతి. ఎప్పుడూ అలసట, దిగులు, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం థైరాయిడ్ తగ్గినందుకు కావచ్చు, రక్తం తక్కువై కావచ్చు, బి12 లోపమై కావచ్చు. ఒక రక్తపరీక్షతో తేలిపోయేదాన్ని పట్టుకుని "ఆత్మీయంగా చల్లారిపోయావు" అని ఏడాది పాటు నిందించడం ఏ ప్రేమ?

హిజ్కియా రాజు చావు మంచం మీద ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు విన్నాడు, 15 ఏళ్ళ ఆయుష్షు ఇచ్చాడు. అదే చోట యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థనా ఉంది, కట్టూ ఉంది. పౌలు తిమోతికి కడుపు బలహీనతకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు, నీ బలహీనత గురించి నోరెత్తకు అని రాయలేదు.

ఇదంతా ఏ ఊరి విశ్వాసులకైనా చెప్పే మాటే. మనకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇంకొకటుంది.

మనం పుట్టింది ఇక్కడే, చదివింది కన్నడలోనో ఇంగ్లీషులోనో తమిళంలోనో. బజారు, ఆఫీసు, ఆస్పత్రి అన్నీ వేరే భాషలో నడిచిపోతాయి. డాక్టర్ దగ్గర "తలె నోవు" అని కన్నడలో చెప్పగలం. గుండె దిగజారిపోతున్నట్టుంది, ప్రాణం ఉసూరుమంటోంది, లోపల ఏదో గుబులుగా ఉంది అని కన్నడలో ఎలా చెప్పాలి? మన పెద్దవాళ్ళలో చాలామందికి ఆ మాటలు తెలుగులోనే ఉన్నాయి. ఆ తెలుగు వినే చోట్లు రెండే రెండు మిగిలాయి, ఒకటి ఇల్లు, రెండోది సంఘం. సంఘంలో "అలా అనకూడదు" అని తలుపు మూసేస్తే ఆ మనిషికి మాట్లాడే చోటే పోతుంది. వేరే తెలుగు ఊళ్ళో అయితే పక్కింటికో, చావడికో వెళ్ళి చెప్పుకుంటారు. ఇక్కడ లోపలే దాచుకుంటారు. అందుకే మన సంఘాల్లో మాట విషయంలో జరిగే తప్పు ఇంకెక్కడికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

పిల్లల సంగతి కూడా ఇదే. తెలుగు అసోసియేషన్ మీటింగ్ ఎప్పుడు పెట్టినా ఒకటే గోల: పిల్లలు తెలుగు మాట్లాడటం లేదు. సరే, చాలా ఇళ్ళలో వాళ్ళ చెవిన పడే తెలుగు ఏది? ప్రేమగా మాట్లాడాలంటే ఇంగ్లీషు, స్కూలు ముచ్చట్లకు కన్నడ. కోపం వస్తే తెలుగు. "దరిద్రుడా", "నీ మొహం", "చచ్చినోడా", "నాశనమైపోతావ్". ఆ పిల్లాడికి తెలుగంటే తిట్ల భాష అయిపోయింది. దాన్నుంచి పారిపోతే తప్పు వాడిదా? భాషను కాపాడాలనుకునేవాళ్ళు ముందు ఆ భాషలో ఒక మంచి మాట చెప్పండి. "తిన్నావా నాన్నా", "అలసిపోయావా బంగారం" అన్నవి కూడా తెలుగే. పిల్లల ఒంటికీ మంచిది, భాషకూ మంచిది.

ప్రార్థన మనవుల గురించి కూడా చెప్పక తప్పదు. ఒకరు నమ్మి చెప్పుకున్న సంగతి సాయంత్రానికి నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. "ఫలానా వారి కోడలు కోసం ప్రార్థించండి, మానసికంగా బాగాలేదు." పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం రోగి సంగతులు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత డాక్టర్ల మీద ఉంది. డాక్టర్ మూసిన నోరు మనమెందుకు తెరవాలి? ఆ కోడలు వచ్చే ఆదివారం గుడికి వచ్చినప్పుడు అందరి చూపులూ ఆమె మీదే ఉంటాయి. ఆ తర్వాతి ఆదివారం ఆమె రాదు.

హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది. దేశం నలుమూలల నుంచి రైలెక్కి అక్కడికి వస్తారు. మనలో బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఒక్క సిటీ బస్సు దూరం. అంత దగ్గర ఉండి కూడా మన మధ్య ఆ పేరు ఒక తిట్టు. "వాడు నిమ్హాన్స్ కేసు" అని నవ్వుతారు. ఆ నవ్వు విన్నవాళ్ళలో ఒకరు, రేపు వెళ్దామా అని లోలోపల ఆలోచిస్తున్న మనిషి అయ్యుండొచ్చు. ఆ ఒక్క జోకుతో వాళ్ళ ప్రయాణం ఆగిపోతుంది.

మరి ఇదంతా చదివి కొందరు అడుగుతారని తెలుసు: "మీరు ప్రార్థన శక్తిని తక్కువ చేస్తున్నారా? నోటితో ఒప్పుకోవడం గురించి రోమా పత్రికలో లేదా?" ఉంది. రోమా 10లో నోటితో ఒప్పుకోమన్నది యేసు ప్రభువని. షుగర్ లేదని ఒప్పుకోమనలేదు. స్వస్థత ప్రార్థన గురించి వివరంగా చెప్పింది యాకోబు 5. అక్కడ రోగి ఏం చేయాలి? సంఘపు పెద్దలను పిలిపించాలి. పిలిపించాలంటే నాకు బాగాలేదని చెప్పాలి కదా? వాళ్ళు నూనె రాసి ప్రార్థన చేయాలి. ఒకరితో ఒకరు చెప్పుకోవాలి. అంతకు రెండు అధ్యాయాల ముందే అదే యాకోబు నాలుకను నిప్పుతో పోల్చాడు. ఆ హెచ్చరిక మొదలైంది ఎవరితోనో తెలుసా? బోధకులు కావాలనుకునేవాళ్ళతో. మూడో అధ్యాయం మొదటి వచనం తీసి చూసుకోండి. మేము ప్రార్థన ఆపమనడం లేదు. రోగి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, అతను చెప్పింది పూర్తిగా విని, అప్పుడు ప్రార్థించమంటున్నాం.

కాబట్టి మన పెద్దలనూ, మన అసోసియేషన్‌నూ నాలుగు పనులు అడుగుతున్నాం.

ఒకటి. డాక్టర్ ఇచ్చిన మందులు మానమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదని అయ్యగార్లు ప్రసంగ పీఠం మీది నుంచే చెప్పాలి. ఏడాదికి ఒకసారి చెబితే చాలదు, తరచూ చెప్పాలి.

రెండు. ఒకరి జబ్బు సంగతి వాళ్ళ అనుమతి లేకుండా ప్రార్థన మనవిగా చదవొద్దు, గ్రూపులో పెట్టొద్దు. "ఒక సహోదరి కోసం" అంటే దేవునికి అర్థమవుతుంది.

మూడు. బాధలో ఉన్నవాళ్ళను పలకరించేటప్పుడు దేవదూత దగ్గర నేర్చుకుందాం. మొదటి మాటలు "అన్నం తిన్నావా? రాత్రి నిద్ర పట్టిందా?" అని ఉండాలి. వాక్యం తర్వాత చెప్పొచ్చు. ఎవరైనా బతకాలని లేదంటే తిట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 చట్టం 115వ సెక్షన్ అంటోంది. చట్టానికి ఉన్నపాటి కనికరం సంఘానికి లేకపోతే ఎలా?

నాలుగు. ఆస్పత్రికి తోడు వెళ్ళి, తెలుగులో చెప్పింది డాక్టర్‌కు కన్నడలో చెప్పగల నలుగురు యువకుల్ని, నలుగురు ఆడపిల్లల్ని అసోసియేషన్ ఎంపిక చేయాలి. విన్నది బయట పెట్టమని మాట ఇచ్చినవాళ్ళే ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416ను నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. ఫోన్ ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

వీటిలో ఏదీ ఖర్చుతో కూడిన పని కాదు. కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, మైక్ సెట్ అక్కర్లేదు. నోరు కాస్త అదుపులో పెట్టుకుని, చెవి కాస్త తెరిస్తే చాలు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు మన పెద్దలు. నిజమే. అయినా ఏలీ తీసుకున్నాడు. అన్న మాట తప్పని తెలిసిన మరుక్షణం దీవెనగా మార్చాడు. ఈ పోస్టు చదివాక మీకు ఎవరైనా గుర్తొచ్చి ఉంటే, ఈ రాత్రికే ఫోన్ చేయండి. "మొన్న అలా అన్నాను, మనసులో పెట్టుకోకమ్మా. ఎలా ఉన్నావు? నిజంగా చెప్పు, వింటాను" అనండి. ఆ తర్వాత నిజంగానే వినండి.

ప్రభువు మనందరి నోటికి కావలి ఉంచును గాక. ఆమేన్.